డైవింగ్ సెలవులకు కెమెరా కొనేముందు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపుకోవాలి

డైవింగ్ సెలవుల నుంచి తెచ్చుకున్న ఫొటోలు చాలామందివి ఒకే రంగులో ఉంటాయి. పగడాలు బూడిద రంగు, చేపలు నీలం, పక్కనున్న మనిషి మొహం పాలిపోయిన ఆకుపచ్చ. వాటన్నిటి మీద తెల్లటి చుక్కలు, మంచు కురుస్తున్నట్టు. వెంటనే కెమెరా మీద అనుమానం వస్తుంది, వచ్చేసారి ఇంకాస్త ఖరీదైనది కొనాలనిపిస్తుంది. నిజానికి ఆ రెండు లోపాల్లో కెమెరా పాత్ర చాలా తక్కువ. రంగు పోయింది నీళ్ల వల్ల, చుక్కలు పడింది లైటు పెట్టిన చోటు వల్ల. ఈ రెండూ అర్థమైతే మధ్యరకం కెమెరా చాలు.

సూర్యకాంతి నీళ్లలోకి దిగేకొద్దీ రంగులు ఒక్కొక్కటిగా ఇంకిపోతాయి. తేటగా ఉన్న సముద్రంలో కూడా 5 మీటర్ల లోతుకు వచ్చేసరికి ఎరుపు చాలావరకు పోతుంది, 10 మీటర్ల ప్రాంతంలో నారింజ, 20 మీటర్ల దగ్గర పసుపు. చాలామంది లెక్కలో వదిలేసేది ఇంకొకటి ఉంది: చేపకూ లెన్స్‌కూ మధ్య ఉన్న నీళ్లు కూడా కలపాలి. 6 మీటర్ల లోతులో ఉన్న చేపను 3 మీటర్ల దూరం నుంచి తీస్తే, ఆ వెలుగు 9 మీటర్ల నీళ్లు దాటి వచ్చినట్టే. అందుకే నీటి అడుగున జూమ్ దాదాపు దండగ. దూరంగా ఉన్నదాన్ని పెద్దది చేసినా మధ్యలో ఉన్న నీళ్లు అలాగే ఉంటాయి, నీలం పొర అలాగే ఉంటుంది. మీటరు లోపలికి, వీలైతే అర మీటరుకు చేరాలి. కాబట్టి కెమెరాను ఎంచుకునేటప్పుడు మెగాపిక్సెల్స్ పక్కన పెట్టి రెండు ప్రశ్నలు అడగండి: ఎంత దగ్గర్నుంచి ఫోకస్ అవుతుంది? ఎంత వెడల్పుగా చూస్తుంది?

వెడల్పు విషయంలో నీళ్లు ఇంకో దెబ్బ కొడతాయి. నీళ్ల వక్రీభవన గుణకం సుమారు 1.33. హౌసింగ్ (కెమెరాను లోపల పెట్టి మూసే, నీళ్లు చొరని పెట్టె) ముందు భాగంలో చదునైన గాజు ఉంటే, లోపలి లెన్స్‌కు ప్రతిదీ మూడోవంతు పెద్దదిగా కనిపిస్తుంది. గట్టు మీద 25 ఎంఎం అనిపించుకున్న లెన్స్ నీళ్లలో 33 ఎంఎం లెన్స్‌లా చూస్తుంది. చిన్న జీవులకు ఇది లాభమే. పగడాల గోడనో, తాబేలు వెనక ఈదే తోటి డైవర్‌నో ఒకే ఫ్రేములో పట్టాలంటే మాత్రం వెనక్కి జరగాలి, వెనక్కి జరిగితే నీళ్లు ఎక్కువవుతాయి. హౌసింగ్ ముందుండే గాజు కిటికీని పోర్టు అంటారు. గుండ్రటి డోమ్ పోర్టులు, బయట తగిలించే వైడ్ లెన్స్‌లు ఉన్నది దీనికోసమే.

లోతు రేటింగ్ దగ్గర మోసపోవద్దు

డైవింగ్‌లో మొదటి స్థాయి అయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్‌తో దిగే హద్దు 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్ ఉంటే 30, వినోద డైవింగ్‌కు గరిష్ఠ హద్దు 40. ఇప్పుడు కెమెరాల రేటింగ్ చూడండి. గోప్రో హీరో వరుసలో ఎక్కువ కెమెరాలు కేసు లేకుండా 10 మీటర్లు, ఒలింపస్ టీజీ-6, దాని తర్వాతి ఓఎం సిస్టమ్ టీజీ-7 రెండూ 15 మీటర్లు, డీజేఐ ఓస్మో యాక్షన్ 5 ప్రో 20 మీటర్లు. 20 చూడగానే "18 వరకేగా దిగేది, కేసు ఎందుకు" అనిపిస్తుంది. ఆ అంకె కొత్త కెమెరాను కదలకుండా పెట్టి పరీక్షించినప్పటిది. రెండేళ్లు వాడిన కెమెరా తలుపు రబ్బరు కొత్తదాంతో సమానం కాదు. బ్యాటరీ తలుపులో ఇసుక రేణువు ఒక్కటి చాలు, 20 మీటర్ల రేటింగ్ 2 మీటర్లకే అబద్ధమైపోతుంది. స్నార్కెలింగ్‌కు కేసు అక్కర్లేదు. డైవింగ్‌కు కేసు తప్పనిసరి. గోప్రో, ఓస్మో డైవ్ కేసులకు 60 మీటర్ల రేటింగ్ ఉంది, టీజీ-6, టీజీ-7 రెండింటికీ సరిపోయే పీటీ-059 హౌసింగ్‌కు 45. కేసులో నీళ్లు చేరినా లోపలి కెమెరాకు సొంత రక్షణ ఉండటం ఈ జతల్లో ఉన్న పెద్ద ఊరట.

ఫోన్ల మీద రాసి ఉండే ఐపీ68 గురించి ఒక్క మాట. అది కదలని మంచినీళ్లలో, కొద్ది మీటర్ల లోతులో, కొద్దిసేపటికి ఇచ్చిన హామీ. ఉప్పునీళ్లు, డైవింగ్ ఒత్తిడి దాని పరిధిలోకి రావు. మెడకు వేలాడదీసుకునే ప్లాస్టిక్ సంచులు కూడా నీటి పైభాగానికే. నాలుగైదు మీటర్లు దిగగానే సంచి తెరకు అతుక్కుపోయి టచ్ పనిచేయడం మానేస్తుంది.

ఏ కెమెరా?

మీకు కావాల్సింది కదిలే దృశ్యమైతే యాక్షన్ కెమెరా. చేపల గుంపు, తాబేలు, డైవ్ మొత్తం ఎలా సాగింది అన్నది చూపించడానికి దీన్ని మించింది లేదు. కుదుపు తగ్గించే పద్ధతి బాగా పనిచేస్తుంది, ఒక చేత్తో పట్టుకోవచ్చు, కొత్త డైవర్ దృష్టిని పెద్దగా లాగేయదు. దీని లోపాలు రెండు. గోప్రో వంటివాటికి ఫోకస్ స్థిరంగా ఉంటుంది, సుమారు 30 సెంటీమీటర్ల కంటే దగ్గరికి వెళితే మసక. రొయ్య, నత్త లాంటివి తీయాలంటే కేసు మీద తగిలించే +10 లేదా +15 శక్తి ఉన్న క్లోజప్ లెన్స్ కావాలి. రెండోది, ఫ్లాష్ ఉండదు, బయటి స్ట్రోబ్‌ను, అంటే విడిగా తగిలించే నీటి అడుగు ఫ్లాష్‌ను, వెలిగించే దారి కూడా ఉండదు. కాబట్టి వీడియో లైటు ఒక్కటే గతి. ఫొటో కావాలంటే 4కె వీడియోలోంచి ఫ్రేము తీసుకోవచ్చు. అది సుమారు 8 మెగాపిక్సెల్స్, ఫోన్ తెరకు, చిన్న ప్రింటుకు సరిపోతుంది.

మీకు కావాల్సింది ఫొటోలైతే, అందులోనూ చిన్న జీవుల మీద మనసుంటే, టీజీ వరుస కెమెరా, దాని హౌసింగ్. నా ఓటు దీనికే. టీజీ-7 వచ్చింది 2023లో, టీజీ-6 2019లో. రెండింటి మధ్య తేడా తక్కువ. తక్కువ వాడిన టీజీ-6 దొరికితే అలా మిగిలిన డబ్బు లైటుకు పోతుంది, అది మంచి బేరం. ఈ కెమెరాకున్న అసలు బలం మైక్రోస్కోప్ మోడ్: లెన్స్ నుంచి 1 సెంటీమీటరు దూరంలో కూడా ఫోకస్ అవుతుంది. బియ్యపు గింజంత నూడిబ్రాంక్, అంటే రంగురంగుల సముద్రపు నత్త, తెర నిండా వస్తుంది. రా ఫైలు (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ఫొటో) ఇస్తుంది, నీటి అడుగు వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగుల సర్దుబాటు) ఉంది, సొంత ఫ్లాష్ ఉంది కాబట్టి ఆ వెలుగును మోసుకెళ్లే ఫైబర్ కేబుల్ ద్వారా స్ట్రోబ్‌ను వెలిగిస్తుంది. లోపం: సెన్సర్ చిన్నది, వెలుగు తక్కువైతే నునుపు పోయి గరుకుగా వస్తుంది, వెడల్పు ఇందాక చెప్పినట్టు 33 ఎంఎం దగ్గర ఆగిపోతుంది. వైడ్ లెన్స్ తర్వాత కొనుక్కోవచ్చు, హౌసింగ్ ముందున్న మరల్లో బిగుసుకుంటుంది. దాన్ని వాడేటప్పుడు నీళ్లలోకి దిగాక ఒకసారి వదులు చేసి, మధ్యలో చిక్కుకున్న గాలి బుడగను వదిలేసి మళ్లీ బిగించాలి. ఆ బుడగ ఉంటే ఫొటో సగం స్పష్టంగా, సగం అలుక్కుపోయి వస్తుంది.

ఫోన్ హౌసింగులు మూడో దారి. సీలైఫ్ స్పోర్ట్‌డైవర్ లాంటివి 40 మీటర్ల వరకు పనిచేస్తాయి, బయటి బటన్లు బ్లూటూత్ ద్వారా ఫోన్‌తో మాట్లాడతాయి. దానితో వచ్చే చిన్న పంపుతో లోపలి గాలి లాగి లీకు ఉందో లేదో గట్టు మీదే తేల్చుకోవచ్చు. ఇది చాలా మంచి ఏర్పాటు. ఫొటో నాణ్యత కూడా బాగుంటుంది. కానీ టికెట్లు, డబ్బులు, నంబర్లు అన్నీ ఉన్న ఫోన్‌ను ప్రయాణం మధ్యలో 18 మీటర్ల కిందికి తీసుకెళ్లడం ఎందుకు? ఇంట్లో పక్కన పడేసిన పాత ఫోన్ బాగుంటే దాన్ని వాడండి. హౌసింగ్ మూసేముందు ఆటో లాక్ తీసేయండి, అనవసరమైన నోటిఫికేషన్లు ఆపండి, పడవ మీద ఎండలో వదలకండి. వేడెక్కిన ఫోన్ కెమెరా యాప్‌ను తనంతట తానే ఆపేస్తుంది.

మిర్రర్‌లెస్ కెమెరా ఇప్పటికే ఉందని దానికి హౌసింగ్ వెతికేవాళ్లు ఒక్క క్షణం ఆగండి. హౌసింగ్ చాలాసార్లు కెమెరా కంటే ఖరీదు, పైగా లెన్స్‌కో పోర్టు విడిగా కొనాలి, కెమెరా మారితే హౌసింగ్ మూలన పడుతుంది. ఏడాదికోసారి వెళ్లే సెలవులకు అది తగదు.

ఏ దారి పట్టినా కెమెరా, హౌసింగ్ కలిపే కొనండి. కెమెరా హౌసింగ్ సాధారణంగా ఒకటి రెండు మోడళ్లకే సరిపోతుంది. వాడినది కొంటుంటే దాని ఓ-రింగ్ (తలుపు దగ్గర నీళ్లు చొరకుండా ఆపే రబ్బరు వలయం) ఇంకా అమ్మకంలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఓ-రింగ్ దొరకని హౌసింగ్ ఎంత చవకైనా వద్దు.

లైటు

మొత్తం ఖర్చులో కెమెరాకు, హౌసింగ్‌కు కలిపి మూడింట రెండు వంతులు మించనివ్వకండి, మిగిలింది లైటుకు, దాన్ని పట్టుకునే చేతికి. లైటు లేని ఖరీదైన కెమెరా 15 మీటర్ల లోతులో నీలం ఫొటోనే తీస్తుంది. లైటున్న చవక కెమెరా ఎర్ర పగడాన్ని ఎర్రగా చూపిస్తుంది.

వీడియో లైటులో చూడాల్సింది రెండు: ల్యూమెన్లు, అంటే వెలుగు ఎంతో చెప్పే కొలత, వెలుగు పరుచుకునే కోణం. దగ్గరి చిన్న జీవులకు 1000 ల్యూమెన్లు చాలు. మీటరు దూరం దాకా రంగు రావాలంటే 2000 నుంచి 2500 కావాలి, కోణం 100 డిగ్రీలు లేదా పైన. సన్నటి కిరణం ఇచ్చే సాధారణ డైవ్ టార్చ్ ఫొటో మధ్యలో గుండ్రటి తెల్ల మచ్చ వేస్తుంది, దాన్ని ఫొటో లైటుగా లెక్కపెట్టకండి. 5 మీటర్ల లోతులో మిట్టమధ్యాహ్నపు ఎండలో ఏ చిన్న లైటూ సూర్యుడితో పోటీ పడలేదు. లోతు పెరిగేకొద్దీ, నీడ దొరికేకొద్దీ దాని విలువ తెలుస్తుంది.

పేరు తెలియని చవక లైట్ల మీద రాసి ఉండే అంకెలను ఒక చిన్న లెక్కతో పట్టేయొచ్చు. ఇలాంటి లైట్లలో వాడే 18650 రకం లిథియం సెల్ ఒకటి మహా అయితే 3.6 వోల్టులు, 3.5 ఆంపియర్ అవర్లు, అంటే సుమారు 12.6 వాట్ అవర్లు. ఇలాంటి లైట్లలో వాట్‌కు 100 ల్యూమెన్లు వస్తాయనుకుంటే ఆ సెల్ గంటసేపు ఇవ్వగలిగింది సుమారు 1260 ల్యూమెన్లు. 2500 కావాలంటే అరగంట. ఒకే సెల్‌తో "5000 ల్యూమెన్లు, గంటన్నర" అని రాసి ఉంటే, రెండింట్లో ఒకటైనా అబద్ధం. డైవ్ 45 నుంచి 60 నిమిషాలు ఉంటుంది కాబట్టి, తీసేటప్పుడు వెలిగించి తర్వాత ఆర్పేసే అలవాటు చేసుకోండి.

టీజీ కొన్నవాళ్లకు వీడియో లైటు కంటే ఒక చిన్న స్ట్రోబ్ మేలు. స్ట్రోబ్ సెకనులో వెయ్యోవంతు అంత తక్కువసేపట్లో పెద్ద వెలుగు గుమ్మరిస్తుంది, కదులుతున్న చేపను అక్కడే నిలబెడుతుంది, ఎండతో కూడా పోటీ పడుతుంది. వీడియో లైటు వెలుగు పడగానే మొహం తిప్పేసుకునే చేపలు ఎన్నో ఉంటాయి.

ఇక తెల్లచుక్కల సంగతి. లైటు లెన్స్ పక్కనే ఉంటే అది చేపనే వెలిగించి ఊరుకోదు, చేపకూ లెన్స్‌కూ మధ్యలో తేలుతున్న ప్రతి ఇసుక రేణువునూ, ప్లాంక్టన్ అనే చిన్న జీవులనూ నేరుగా వెలిగిస్తుంది. ఆ వెలుగు తిన్నగా లెన్స్‌లోకి తిరిగొస్తుంది. వానలో ఎదురుగా హెడ్‌లైట్ వేసినట్టే. విరుగుడు దూరం. హౌసింగ్ కింద ఒక ట్రే, దానికొక పిడి, పిడి మీద 20 నుంచి 30 సెంటీమీటర్ల వంగే చేయి, దాని చివర లైటు. లైటు ముఖం పోర్టు కంటే కాస్త వెనక్కి, దిశ చేప మీదికి సూటిగా కాకుండా కొంచెం బయటికి. అప్పుడు వెలుగు అంచు మాత్రమే చేపను తాకుతుంది, మధ్యలోని నీళ్లు చీకటిగా మిగులుతాయి. లైటు ఒక్కటే అయితే ఎడమ పక్కన పైకి పెట్టండి, కుడి చెయ్యి షట్టర్‌కు వదిలేయండి. టీజీ సొంత ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది కాబట్టి స్ట్రోబ్ వాడేటప్పుడు దాని వెలుగు నీళ్లలోకి రాకుండా హౌసింగ్ మీద అడ్డుపెట్టి, ఫైబర్ కేబుల్‌లోకి మాత్రమే వెళ్లనివ్వాలి.

ఎర్ర ఫిల్టర్ చవకైన సాయం, దాని హద్దులు తెలిస్తేనే. నీలం నీళ్లలో 5 నుంచి 20 మీటర్ల మధ్య, ఎండ బాగున్నప్పుడు, సూర్యుణ్ని వీపు వెనక ఉంచుకుని తీస్తే బాగా పనిచేస్తుంది. ఆకుపచ్చ నీళ్లకు ఎరుపు బదులు మెజెంటా. 20 మీటర్ల కింద ఎరుపే మిగలదు కాబట్టి ఫిల్టర్ ఉన్న కాస్త వెలుగునూ తినేస్తుంది. పైన 3 మీటర్లలో అన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి. లైటుతో కలిపి వాడొద్దు, లైటు ముందే ఎరుపు తెస్తుంది. అందుకే డైవ్ మధ్యలో తీసి పక్కకు మడిచే రకం కొనండి.

ఓ-రింగ్, ఓపిక

వెంట్రుకవాసి అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఓ-రింగ్ మీద అడ్డంగా పడిన ఒక్క వెంట్రుక నీళ్లకు దారి ఇస్తుంది. ఎక్కువ లీకులు మొదటి రెండు మీటర్లలోనే జరుగుతాయి. లోతుకు వెళితే ఒత్తిడే తలుపును గట్టిగా నొక్కిపడుతుంది, పైన ఆ సాయం ఉండదు.

డైవ్‌కు ముందురోజు రాత్రి, ఫ్యాన్ ఆపి, మంచి వెలుగులో కూర్చోండి. చేతులు కడుక్కుని ఆరబెట్టుకోండి. ఓ-రింగ్‌ను రెండు వేళ్లతో ఒక పక్కకు నెడితే చిన్న మడత లేస్తుంది, అక్కడ పట్టుకుని తీయండి. రాకపోతే ప్లాస్టిక్ కార్డు అంచు వాడండి. పిన్ను, కత్తి మొన, గోరు వద్దు, చిన్న గాటు పడితే దాని పని అయిపోయినట్టే. గాడిని నూలుపోగులు రాలని బట్టతో తుడవండి. ఓ-రింగ్‌ను రెండు వేళ్ల మధ్య నుంచి నెమ్మదిగా లాగండి. కంటికి కనిపించని ఇసుక వేలికి తగులుతుంది. తర్వాత శనగగింజలో సగమంత గ్రీజు, చుట్టూ పలచగా. ఓ-రింగ్ మెరవాలి, గ్రీజు ముద్దలు కనిపించకూడదు. ఎక్కువ రాస్తే లీకు ఆగదు సరికదా, దుమ్మును పిలుచుకుంటుంది. గ్రీజు ఆ హౌసింగ్ కంపెనీ ఇచ్చిందే వాడండి. కొన్ని ఓ-రింగులు సిలికాన్‌తో చేసినవి, వాటికి తగని సిలికాన్ గ్రీజు రాస్తే ఉబ్బిపోయి గాడిలో కూర్చోవు.

కొత్త హౌసింగ్‌ను మొదటి డైవ్‌కు ఖాళీగా తీసుకెళ్లండి. లోపల ఒక టిష్యూ కాగితం, పైకి తేలకుండా చిన్న బరువు. పైకొచ్చాక కాగితం పొడిగా ఉంటే తర్వాతి డైవ్‌కు కెమెరా. ఒక డైవ్ ఫొటోలు పోతాయని బాధపడొద్దు, సెలవుల మొదటి రోజున కెమెరా పోవడం కంటే అది నయం.

మంచు పట్టడం వేరే సమస్య. వేడిగా, తేమగా ఉన్న పడవ మీద హౌసింగ్ మూస్తే ఆ తేమంతా లోపలే ఉండిపోతుంది. చల్లటి నీళ్లలోకి దిగగానే గాజు లోపలివైపు ఆవిరి పడుతుంది. ఏసీ గదిలో, పొడి గాలిలో మూయండి, లోపల తేమ పీల్చే సిలికా పొట్లాం ఒకటి, ఓ-రింగ్‌కు తగలకుండా. పడవ మీద తెరవకుండా రెండు డైవ్‌లు గడపగలిగితే మంచు, లీకు రెండు భయాలూ తగ్గుతాయి. అందుకు కెమెరాను అవసరమైనప్పుడే ఆన్ చేయండి. కార్డులో చోటు కూడా ముందే చూసుకోండి: సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో తీసే 4కె వీడియో గంటకు 45 జీబీ తింటుంది, 128 జీబీ కార్డు మూడు గంటల లోపే నిండుతుంది. కార్డు మీద వీ30 గుర్తు (వీడియోకు తగిన వేగం ఉందని చెప్పేది) ఉండాలి.

నీళ్లలో ఉండగా లోపల బొట్లు కనిపిస్తే కంగారుగా పైకి పరుగెత్తకండి, ఏ కెమెరా కూడా ఊపిరితిత్తులంత విలువైనది కాదు. కెమెరా ఆపేసి, మామూలు వేగంతో, సేఫ్టీ స్టాప్ (పైకి వచ్చేముందు తక్కువ లోతులో కాసేపు ఆగడం) పూర్తిచేసే పైకి రండి. పడవ మీద బ్యాటరీ తీసేయండి. ఉప్పునీళ్లు లోపలికి చేరి ఉంటే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టడమే మిగిలిన అవకాశం, ఆరేదాకా ఆన్ చేసి చూడొద్దు.

కెమెరాను స్ప్రింగు తాడుతో బీసీడీ (గాలి నింపి తేలడాన్ని సర్దుకునే జాకెట్) మీది డీ-రింగుకు తగిలించండి, మణికట్టుకు మాత్రమే కట్టుకోవద్దు. గాలి నింపడానికో, తోటివారికి సాయం చేయడానికో రెండు చేతులూ ఒక్కసారిగా అవసరం పడొచ్చు. తేలడం మీద ఇంకా పట్టు రానివాళ్లు రెండు పిడుల ట్రే జోలికి పోకండి, ఒక చేతి పిడి చాలు. ఫొటో కోసం పగడం మీద మోకాలు ఆనించే పరిస్థితి వస్తే ఆ ఫొటో వదిలేయండి. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పెరిగిన కొమ్మ ఒక్క తాకిడికి విరిగిపోతుంది.

లైటు లేనప్పుడు తెల్ల స్లేటు మీద వైట్ బ్యాలెన్స్ పెట్టుకోండి, 3 నుంచి 5 మీటర్లు దిగినా ఎక్కినా మళ్లీ పెట్టాలి. రా ఫైలు ఇచ్చే కెమెరా అయితే అదే ఆన్ చేయండి, పోయిన రంగును కొంతవరకు వెనక్కి లాగొచ్చు. పై నుంచి కిందికి తీస్తే చేప నేల రంగులో కలిసిపోతుంది. దాని ఎత్తుకు, వీలైతే ఇంకాస్త కిందికి దిగి, కాస్త పైకి చూపించి తీయండి.

డైవ్ కాగానే హౌసింగ్ మూసి ఉండగానే మంచినీళ్లలో అరగంట నానబెట్టి, అన్ని బటన్లూ పదేసి సార్లు నొక్కండి, లేకపోతే స్ప్రింగుల దగ్గర ఉప్పు గడ్డకడుతుంది. పడవ మీది ఉమ్మడి తొట్టెలో వదిలేసి వెళ్లకండి, ఇంకొకరి బరువైన సామాను పోర్టు మీద పడి గీతలు పడతాయి. తెరిచేటప్పుడు తలుపు కిందివైపు ఉండేలా పట్టుకోండి, అంచున నిలిచిన నీటిబొట్లు కెమెరా మీద పడవు. చాలారోజుల డైవింగ్ తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి కదా, ఆ సమయంలో అన్నిటినీ నీడలో పూర్తిగా ఆరబెట్టండి. లిథియం బ్యాటరీలు చేతి సంచిలో, లైటులోంచి విడిగా తీసి, కొసలు ఒకదానికొకటి తగలకుండా. హౌసింగ్‌ను గట్టిగా మూసి విమానంలో పెట్టొద్దు, ఓ-రింగ్ తీసి చిన్న సంచిలో పెట్టి తలుపు వదులుగా ఉంచండి. ఇంటికెళ్లాక కూడా వచ్చే సెలవులదాకా అలాగే ఉండనివ్వండి, నెలల తరబడి నలిగిన ఓ-రింగ్ మళ్లీ గుండ్రంగా లేవదు.